నదుల తగవులు, న్యాయపీఠాలు: ఆర్కన్సా తీర్పు నుంచి కేసీ కెనాల్ దాకా

1907 మే 13న అమెరికా సుప్రీంకోర్టు కాన్సస్, కొలరాడో రాష్ట్రాల మధ్య ఆరేళ్లుగా నడుస్తున్న ఆర్కన్సా నది వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఒకే నది మీద బతికే రెండు రాష్ట్రాలు వాటా కోసం కోర్టుకెక్కితే ఏ లెక్కన తేల్చాలన్న ప్రశ్నకు ఆ న్యాయస్థానం జవాబు చెప్పడం అదే మొదలు. అప్పటికి తుంగభద్ర నీరు కర్నూలు–కడప కాలువలో పడి ప్రొద్దుటూరు పొలాలకు చేరడం మొదలై మూడున్నర దశాబ్దాలు కావస్తోంది. ఆ రైతులకు ఆర్కన్సా నది పేరు తెలిసే అవకాశమే లేదు. అయినా ఆ కాలువ నీటికి తర్వాతి కాలంలో చట్టబద్ధమైన హక్కు ఖాయమైన వాదనకు వేరు ఆ వ్యాజ్యం దాకా పోతుంది.

ఆర్కన్సా నది కొలరాడోలో లెడ్‌విల్ దగ్గర రాకీ పర్వతాల్లో పుట్టి, ప్యూబ్లో పట్టణం దాటి మైదానంలోకి దిగి, కాన్సస్‌లో గార్డెన్ సిటీ, విచిటాల మీదుగా సాగి చివరికి మిసిసిపీలో కలుస్తుంది. కొలరాడో తూర్పు భాగమూ కాన్సస్ పడమటి భాగమూ వానలు తక్కువ పడే నేలలు. 1870ల నుంచి కొలరాడో రైతులు, కాలువ కంపెనీలు నది పొడవునా కాలువలు తవ్వుకుంటూ వచ్చారు. రాకీ ఫోర్డ్ చుట్టుపక్కల కర్బూజా తోటలు, చక్కెర దుంప సాగు పెరిగాయి. దిగువన కాన్సస్‌లో మాత్రం ఏటిలో నీరు ఏటికేడు సన్నబడింది. వేసవిలో కొన్ని చోట్ల ఇసుక తప్ప మరేమీ కనిపించని స్థితి వచ్చింది. 1901లో కాన్సస్ రాష్ట్రం కొలరాడో మీద నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది.

రాష్ట్రాల మధ్య తగవును కింది కోర్టులతో పని లేకుండా సుప్రీంకోర్టే విచారించాలని అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం చెబుతుంది. అంతకు ముందు ఈ అధికారం ఎక్కువగా సరిహద్దు తగాదాలకే ఉపయోగపడింది. నీళ్ల తగవు కోర్టు తీర్చదగినదేనా అన్నది కొలరాడో లేవనెత్తిన మొదటి అభ్యంతరం. 1902లో ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. స్వతంత్ర దేశాల మధ్య ఇలాంటి తగవు వస్తే సంధి చేసుకుంటాయి, లేదంటే యుద్ధానికి దిగుతాయి. సమాఖ్యలో చేరిన రాష్ట్రాలు ఆ రెండు దారులూ వదులుకున్నాయి కనుక వాటికి మిగిలిన దారి న్యాయస్థానమే అన్నది ఆ రోజుల్లో కోర్టును నడిపిన ఆలోచన. సాక్ష్యాలు విననిదే సూత్రం చెప్పలేమని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. కోర్టు నియమించిన అధికారి రెండు రాష్ట్రాల్లోనూ తిరిగి వందలాది సాక్షుల మాటలు వేల పుటల్లో నమోదు చేయించాడు.

ఇదే కాలంలో మరో నది తగవు కోర్టు ముందుకు వచ్చింది. షికాగో నగరం తన మురుగును మిషిగన్ సరస్సులో కలపడం మానేసి, 1900 జనవరిలో తెరిచిన కొత్త కాలువ ద్వారా ఇల్లినాయ్ నది వైపు, అక్కడి నుంచి మిసిసిపీలోకి మళ్లించింది. దిగువన సెయింట్ లూయీ నగరం మిసిసిపీ నీరే తాగేది. తమ ఊళ్లో టైఫాయిడ్ పెరగడానికి ఈ మురుగే కారణమని మిజోరీ రాష్ట్రం దావా వేసింది. సూక్ష్మజీవుల శాస్త్రం అప్పుడప్పుడే కోర్టు గుమ్మం తొక్కుతున్న రోజులవి. షికాగో క్రిములు అంత దూరం బతికి వస్తాయా అన్నది తేల్చడానికి హాని చేయని ఒక రకం సూక్ష్మజీవిని 107 పీపాల నిండా తెచ్చి కాలువ మొదట్లో వదిలారు. నవంబరు 6న వదిలిన ఆ క్రిమి డిసెంబరు 4న సెయింట్ లూయీ నీటి బురుజు దగ్గర ఒక నమూనాలో కనిపించింది. రెండు పక్షాల నిపుణులూ ఆ ఒక్క నమూనాకు చెరొక అర్థం చెప్పారు. 1906లో న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ మిజోరీ దావాను కొట్టేశారు. మిజోరీ పట్టణాలే తమ మురుగును అదే నదిలో వదులుతున్నప్పుడు, ఎగువ రాష్ట్రాన్ని కట్టడి చేయాలంటే నష్టం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలన్నారు. రాష్ట్రం మీద రాష్ట్రం నెగ్గాలంటే మామూలు దావాల్లో కన్నా బలమైన సాక్ష్యం చూపాలన్న నియమం అప్పుడు స్థిరపడింది. ఆర్కన్సా వ్యాజ్యం అదే తక్కెడలో తూగాల్సి వచ్చింది.

కాన్సస్ వాదన ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత ధర్మశాస్త్రం మీద నిలిచింది. ఏటి ఒడ్డున భూమి ఉన్నవాడికి ఏరు ఎప్పటిలాగే పారాలని కోరే హక్కు ఉంటుందని అది చెబుతుంది. కొలరాడో ధర్మం వేరు. ముందుగా నీరు మళ్లించి సాగుకు వాడుకున్నవాడిదే హక్కు అని ఆ రాష్ట్రం 1876 నాటి తన రాజ్యాంగంలోనే రాసుకుంది. పైగా తన నేల మీద పుట్టిన నీటిని చివరి చుక్క దాకా వాడుకునే అధికారం తనకుందని కొలరాడో నొక్కి చెప్పింది. ఈ మాటకు వెనక దన్ను లేకపోలేదు. 1895లో రియో గ్రాండ్ నీటి కోసం మెక్సికో అడిగినప్పుడు అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ అచ్చంగా ఇదే ధోరణిలో అభిప్రాయం ఇచ్చారు. కాన్సస్, కొలరాడోల మధ్యకు కేంద్ర ప్రభుత్వం మూడో పక్షంగా వచ్చింది. 1902లో మెట్ట భూముల సాగునీటి చట్టం చేసుకున్న ఆ ప్రభుత్వం, బీడు నేలలను సాగులోకి తెచ్చే పని మొత్తం తన చేతిలో ఉండాలని వాదించింది.

తీర్పు రాసింది డేవిడ్ బ్రూయర్. ఆయన కాన్సస్ మనిషే. లెవెన్‌వర్త్‌లో న్యాయవాదిగా, తర్వాత ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవాడు. అయినా సొంత రాష్ట్రం వాదనను ఆయన నిండుగా ఒప్పుకోలేదు, కొలరాడో వాదననూ ఒప్పుకోలేదు. ఏ రాష్ట్రమూ తన ధర్మాన్ని మరో రాష్ట్రం మీద రుద్దలేదు, రెండూ సమాన హోదా గలవి, కాబట్టి నది వల్ల కలిగే మేలు ఇద్దరికీ న్యాయంగా అందేలా చూడడమే కోర్టు పని అన్నారు. ఒక్కో తగవు తీరుస్తూ పోతే రాష్ట్రాల మధ్య వర్తించే ఒక ఉమ్మడి ధర్మం దానంతట అదే రూపు కడుతుందని కూడా తీర్పులో గుర్తించారు. కేంద్రం వాదన కూడా నిలవలేదు. రాష్ట్రాల లోపలి భూముల సాగు మీద శాసనాలు చేసే అధికారం రాజ్యాంగం కేంద్రానికి ఇవ్వలేదని బ్రూయర్ తేల్చారు.

సూత్రం చెప్పిన తర్వాత దాన్ని లెక్కలకు ఎలా అన్వయించారన్నదే ఈ తీర్పులో నిశితంగా చూడాల్సిన భాగం. బ్రూయర్ జనాభా లెక్కలు, పంటల లెక్కలు ముందేసుకున్నారు. ఆర్కన్సా లోయలోని కాన్సస్ కౌంటీల్లో జనం ఎంత పెరిగారు, మొక్కజొన్న, గోధుమ ఎంత పండాయి, నదితో సంబంధం లేని కౌంటీల్లో ఎంత పండాయి అని పోల్చి చూశారు. నీరు తగ్గిన మాట నిజమేననీ, సరిహద్దుకు దగ్గరి కొన్ని కౌంటీలకు కొంత నష్టం జరిగిందనీ ఒప్పుకున్నారు. కానీ లోయ మొత్తం మీద సాగు అంతగా దెబ్బతిన్నట్టు అంకెలు చెప్పలేదు. అటు కొలరాడోలో వేల ఎకరాల బీడు పచ్చని పొలంగా మారింది. ఆ మేలు ముందు ఈ నష్టం చిన్నదని తూచి, కాన్సస్ దావాను కొట్టేశారు. మునుముందు వాడకం పెరిగి నష్టం ముదిరితే కాన్సస్ మళ్లీ రావచ్చని తలుపు తెరిచే ఉంచారు.

ఈ వ్యాజ్యంలో రాయలసీమ వాళ్లకు బాగా అర్థమయ్యే మరో అంశం ఉంది. ఏటిపై నీరు కనిపించకపోయినా ఇసుక అడుగున మరో నది పారుతోందని, దాని మీదా హక్కు ఉందని వాదన జరిగింది. జమ్మలమడుగు దగ్గర పెన్నాలో ఎండాకాలం చెలమ తవ్వినవాళ్లకు ఇసుక కింది నీటి సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. పైన ఒక నది, అడుగున ఇంకొక నది అని విడదీయడానికి ఆధారం లేదనీ, ఇసుకలో ఇంకిన నీరు కూడా ఆ నదిలో భాగమేననీ బ్రూయర్ తేల్చారు.

సమాన హక్కు అని ప్రకటించిన తీర్పు, ఆచరణలో అప్పటికే కాలువలు తవ్వుకున్న పక్షాన నిలిచింది. కాన్సస్ ఆ తర్వాత చాలా కాలం పోరాడింది. 1943లో మరో వ్యాజ్యంలో తీర్పు, 1948లో ఒప్పందం, 1985లో ఒప్పంద ఉల్లంఘనపై కొత్త దావా వచ్చాయి. చివరికి 2005లో కొలరాడో నష్టపరిహారంగా 3.4 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. అంటే బ్రూయర్ తెరిచి ఉంచిన తలుపు నుంచి లోపలికి రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

1907 తీర్పు వచ్చి ఏడాది తిరక్కుండానే అదే కోర్టు ఇంకో వైపు నుంచి ఆలోచించాల్సి వచ్చింది. మోంటానాలో ఫోర్ట్ బెల్‌నాప్ అనే చోట గ్రోవాంత్ర, అసినిబాయిన్ తెగల ఆదివాసులకు 1888 ఒప్పందంతో కొంత భూమి మిగిలింది. దాని అంచున మిల్క్ నది పారుతుంది. ఎగువన స్థిరపడిన వలస రైతులు నీటిని మళ్లించుకుని, ముందుగా వాడుకున్నది తామే కనుక హక్కు తమదేనన్నారు. 1908 జనవరి 6న న్యాయమూర్తి జోసెఫ్ మెకెన్నా ఆ వాదనను తోసిపుచ్చారు. సాగు చేసి బతకమని భూమి ఇచ్చినప్పుడు ఆ సాగుకు కావలసిన నీరూ ఇచ్చినట్టే, కాలువ ఇంకా తవ్వుకోలేదన్న కారణంతో ఆ హక్కు పోదు అన్నది ఆ తీర్పు సారం. వింటర్స్ తీర్పుగా పేరు పొందిన ఇది 1907 తీర్పుకు పక్కన పెట్టి చదవదగినది. ఒకటి జరిగిన వాడకానికి విలువ కట్టింది, రెండోది వాడుకోలేకపోయిన వాళ్ల అవసరాన్ని హక్కుగా గుర్తించింది. నీళ్ల చరిత్రలో ఆ రెండో ఆలోచనకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

నదీలోయ దాటించి నీరు తీసుకుపోవచ్చా అన్న ప్రశ్న 1922లో లారమీ నది వ్యాజ్యంలో వచ్చింది. కొలరాడో ఆ నీటిని కొండ తొలిచి మరో లోయకు మళ్లించబోతే వయోమింగ్ అడ్డుపడింది. లోయ మారినంత మాత్రాన మళ్లింపు అక్రమం కాదని న్యాయమూర్తి విల్లిస్ వాన్ డెవాంటర్ చెప్పారు. కడప జిల్లాకు సంబంధించినంత వరకు అమెరికా తీర్పుల్లో అతి ముఖ్యమైన మాట ఇదే. ఎందుకంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ పెన్నా పరీవాహకంలోనివి. వాటికి వచ్చే కాలువ నీరు చాలా వరకు కృష్ణా పరీవాహకానిది.

ఈ మళ్లింపు బ్రిటిష్ కాలంలోనే మొదలైంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వించింది. పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఉంది. సాగుకే కాకుండా పడవలు నడపడానికి కూడా పనికొచ్చేలా దాన్ని తీర్చారు. కాలువ నీరు కుందూ నదిలో కలిసి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువ పట్టి, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నాను ఆనుకుని కడప వైపు సాగుతుంది. నల్లరేగడి రైతులు మొదట్లో ఈ నీటికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ప్రొద్దుటూరు, దువ్వూరు, చాపాడు, ఖాజీపేట, చెన్నూరు వైపు పల్లెలకు మాత్రం అది మాగాణి తెచ్చింది. అక్కడి వాళ్ల నోట ఈనాటికీ అది కేసీ కెనాల్.

అప్పట్లో దాని హక్కు గురించి కోర్టుకు వెళ్లే అవసరం రాలేదు. తుంగభద్ర మైసూరు, నైజాం, మద్రాసు ప్రాంతాల మధ్య పారే నదే అయినా ఎవరికెంత అన్నది సంస్థానాలకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య బేరసారాలతో తేలేది. 1892లో మద్రాసు, మైసూరుల మధ్య కుదిరిన ఒప్పందం అలాంటిదే. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. కడప కోటిరెడ్డి వంటి సీమ నాయకులు పాల్గొన్న ఆ ఒడంబడికలో, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీటి వాడకంలో పదేళ్ల పాటు రాయలసీమకు, నెల్లూరుకు ముందు చోటు ఇవ్వాలన్న షరతు ఉంది. అయితే అది నాయకుల మధ్య మాట, శాసనం కాదు. దాన్ని అమలు చేయించే న్యాయపీఠం లేదు.

అమెరికా తీర్పులు భారతదేశంలోకి అడుగుపెట్టింది సింధు నది దారిన. పంజాబ్ తలపెట్టిన భాక్రా డ్యాంపై సింధ్ రాష్ట్రం ఫిర్యాదు చేయగా, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద 1941లో కమిషన్ ఏర్పడింది. అధ్యక్షుడు బెనెగల్ నరసింగరావు, ఆ తర్వాత రాజ్యాంగ సభకు సలహాదారుగా పనిచేసినాయన. 1942లో ఇచ్చిన నివేదికలో ఆయన కాన్సస్–కొలరాడో వ్యాజ్యం మొదలు తర్వాతి అమెరికా తీర్పులను వరసగా పరిశీలించారు. ఎగువ రాష్ట్రానికి సర్వాధికారమన్న వాదం, దిగువన ఏరు తగ్గకుండా పారాలన్న వాదం రెండూ పక్కన పెట్టి న్యాయమైన పంపకమే ప్రమాణమని సిఫారసు చేశారు. ఒప్పందమే మేలైన మార్గమని, అది కుదరనప్పుడే పంపకం చేయాలని చెప్పారు.

రాజ్యాంగం వచ్చాక సూత్రం అమెరికా నుంచి తీసుకున్నా, పద్ధతి మాత్రం తీసుకోలేదు. 262వ అధికరణం అంతర్రాష్ట్ర నదుల తగవులను సుప్రీంకోర్టు పరిధి నుంచి తప్పించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. 1956 చట్టం ఆ తగవులను ప్రత్యేక ట్రైబ్యునళ్లకు అప్పగించింది. కాన్సస్ వ్యాజ్యం ఎంతకాలం సాగిందో చూసినవాళ్లకు ఈ జాగ్రత్త సబబుగానే తోస్తుంది. ట్రైబ్యునళ్లు కూడా దశాబ్దాలు తీసుకుంటాయని అప్పటికి అనుభవం లేదు.

1969 ఏప్రిల్‌లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన కృష్ణా ట్రైబ్యునల్ ఏర్పడింది. 1973 డిసెంబరులో తొలి నివేదిక, 1976 మేలో తుది నివేదిక ఇచ్చింది. నూటికి 75 ఏళ్లు దొరికే నీరు 2060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. సాగు నుంచి తిరిగి నదికి చేరే నీటిని కూడా కలుపుకుంటే ఆంధ్రప్రదేశ్ వాటా 811 అయింది. ఈ పంపకానికి ఆధారం వెతుకుతూ నివేదిక అమెరికా సుప్రీంకోర్టు తీర్పులను విపులంగా చర్చించింది. పరీవాహకం బయటికి నీరు తీసుకుపోవడం మీద ఎగువ రాష్ట్రాల అభ్యంతరం గట్టిగానే ఉంది. కానీ అదే మహారాష్ట్ర కొయినా నీటిని విద్యుత్తు కోసం పడమటి కనుమలు దాటించి సముద్రం వైపు వదులుతోంది. బయటికి మళ్లింపు చట్టవిరుద్ధం కాదనీ, పంపకం చేసేటప్పుడు ఆ అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చనీ ట్రైబ్యునల్ తేల్చింది. అప్పటికే సాగుతున్న వాడకాలకు రక్షణ ఇచ్చింది. ఆ విధంగా కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీలు నికర జలాలుగా ఖాయమయ్యాయి. నష్టపోయిన ఒక లండన్ కంపెనీ తవ్విన కాలువ వందేళ్ల తర్వాత ప్రొద్దుటూరు రైతుకు తిరుగులేని పత్రమైంది.

బ్రూయర్ తక్కెడ ఎటు మొగ్గిందో బచావత్ తక్కెడ కూడా అటే మొగ్గింది. కాలువ ఉన్న చోట హక్కు నిలిచింది. కాలువ లేని చోట అవసరం ఎంత ఉన్నా అది మిగులు జలాల ఖాతాలోకి పోయింది. తుంగభద్ర ఎగువ కాలువకు ఆంధ్రప్రదేశ్ వాటాగా 32.5 టీఎంసీలు దక్కడంతో జమ్మలమడుగు దగ్గరి మైలవరం జలాశయానికీ, పులివెందుల బ్రాంచి కెనాల్‌కూ కాగితం మీద నికర వాటా ఉంది. అయితే 1953లో 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర డ్యాంలో పూడిక చేరి సామర్థ్యం 105 టీఎంసీల దాపుకు పడిపోయింది. నీరు తగ్గినప్పుడు ముందుగా ఎండేది కాలువ చివరి భూములే. లింగాల, సింహాద్రిపురం వైపు చీనీ తోటల రైతులు బోర్లు వేసి వేసి అప్పుల పాలైన కాలమంతా ఈ లెక్కల నీడలోనే గడిచింది.

మిగిలిన నీటిని వాడుకునే స్వేచ్ఛ ఆంధ్రప్రదేశ్‌కు ఉంటుందనీ, దాని మీద హక్కు మాత్రం ఏర్పడదనీ బచావత్ నివేదిక చెప్పింది. తెలుగుగంగ, గాలేరు–నగరి పథకాలు ఆ స్వేచ్ఛ మీద ఆధారపడి కట్టినవే. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు ద్వారా వచ్చిన వరద నీరు గోరకల్లు, అవుకు దాటి గండికోటకు చేరుతుంది. పెన్నా మీద 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఆ జలాశయం నుంచి ఎత్తిపోతల ద్వారా నీటిని పైడిపాళెం జలాశయానికీ, పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకూ తోడి పులివెందుల పొలాలకు ఇస్తున్నారు. శ్రీశైలానికి వరద వచ్చిన ఏడు ఇవన్నీ నిండుతాయి. రాని ఏడు అడగడానికి చట్టంలో ఆధారం లేదు.

2004లో ఏర్పడిన జస్టిస్ బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2010 డిసెంబరులో, 2013 నవంబరులో నివేదికలు ఇచ్చింది. తెలుగుగంగకు 25 టీఎంసీలు కేటాయించింది. మిగులు నీటిని కూడా మూడు రాష్ట్రాలకూ పంచడాన్ని ఆంధ్రప్రదేశ్ సవాలు చేసింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు వల్ల ఆ నివేదిక గెజిట్‌లో అచ్చు కాలేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులో గాలేరు–నగరి, తెలుగుగంగ, హంద్రీ–నీవా, వెలిగొండ ప్రాజెక్టుల పేర్లు చేరాయి. 2023 అక్టోబరులో కేంద్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య కృష్ణా నీటిని ప్రాజెక్టుల వారీగా పంచే పనిని అదే ట్రైబ్యునల్‌కు అప్పగించింది. గండికోట, చిత్రావతి జలాశయాల కింది ఆయకట్టుకు నికర హక్కు ఉంటుందా లేదా అన్నది ఆ విచారణలో తేలాల్సిన ప్రశ్నల్లో ఒకటి.